శ్రీమదెక్సెల్ విజయం: రహదారి ఆశ్వాసం

నగర వర్ణనతో మొదలుపెట్టడం కావ్యాచారం గనక, వినవయ్యా రసజ్ఞా! కొండమీద చంద్రచూడేశ్వరుడు, కొండకింద కంపెనీ సైరన్లు వెలసిన హోసూరు మహాపురంలో 1980లో టీవీఎస్ ఫిఫ్టీ అనే అశ్వరాజం అవతరించింది. ఇద్దరిని మోయగల తొలి భారతీయ మోపెడ్ అని దాని బిరుదు. ఆ వంశాంకురమే మన కథానాయకుడు ఎక్సెల్ హండ్రెడ్: 99.7 సీసీల గుండె, 4 లీటర్ల పొట్ట. ఆ ఇంట రేసు గుర్రాలూ లేకపోలేదు. 1982 నుంచి కంపెనీకి రేసింగ్ జట్టే ఉంది. వాటికి కప్పులు, ఫొటోలు. మనవాడికి కొత్తిమీర.

ఇంకా తెల్లవారలేదు. శూలగిరిలో ముందు కొత్తిమీర, వెనక కొత్తిమీర, నడుమ రైతన్న తలపాగా కొస. చూసేవాడికి ఒక మడి తనంతట తానే లేచి పట్నం బయల్దేరినట్టుంటుంది. కిక్ కొట్టాడు, అశ్వం దగ్గింది. మళ్లీ కొట్టాడు, తుమ్మింది. మూడోసారికి దిక్కులు పిక్కటిల్లాయి. కనీసం పక్కింటి కుక్క లేచింది.

పందేల మాటకొస్తే, అమెరికాలో డేటోనా అనే స్టాక్ కార్ల మహావలయం ఉంది. 1959లో వెలసింది. చుట్టు రెండున్నర మైళ్లు, మలుపుల్లో బాట 31 డిగ్రీలు గోడలా లేస్తుంది. అక్కడ నలభై దాకా రథాలు రెండు వందల చుట్లు తిరిగి బయల్దేరిన చోటికే చేరి జయజయధ్వానాలు చేస్తాయి. చేసుకోనీ. మనవాడు పాతిక కిలోమీటర్ల అవతల హోసూరు మార్కెట్‌కు పోవాలి.

ఇంతలో కృష్ణగిరి టోల్‌గేటులో కప్పం కట్టిన కంటైనర్ దైత్యుడు వెనకనుంచి గర్జించాడు. మనవాడు టోలు కట్టనక్కరలేని స్వతంత్ర ప్రభువు, చలించలేదు. దైత్యుడు దాటిపోయిన గాలికి కొత్తిమీర కొండ మాత్రం ఎడమకు ఒరిగింది. డేటోనా వీరులు ముందు కారును అంటిపెట్టుకుని పోతూ గాలి దెబ్బ తప్పించుకుంటారట. రైతన్నకు ఆ విద్య రాదు, అందుకే బతికాడు.

విధి వక్రించి మేకు గుచ్చుకుంది. డేటోనాలో నాలుగు టైర్లు మార్చడానికి పది పన్నెండు సెకన్లు. ఇక్కడ ట్యూబు తొట్టిలో మునిగింది, బుడగలు లేచాయి, టీ వచ్చింది.

“ఎంతసేపన్నా?”

“కూచోన్నా, అయిపోతాంది.”

టీ అయింది. పంక్చర్ కాలేదు.

ఇక నా తీర్పు. డేటోనా వలయం వెలవకముందే, 1949లో ఆ స్టాక్ కారు పందేల సిరీస్ మొదలైనప్పుడు షోరూములో కొన్న కార్లే పరుగెత్తాయి. ఇప్పుడు వాటి హెడ్‌లైట్లు కూడా ఉత్త స్టిక్కర్లు. మన అశ్వానిది నిజమైన లైటు. కొత్తిమీర కట్ట కప్పేసింది, అంతే. ఫ్యాక్టరీలో పుట్టిన బండి పుట్టినట్టే పరుగెత్తడం చూడాలంటే డేటోనా టికెట్టు దండగ. తెల్లారకముందే హోసూరు రోడ్డుకు రండి. హారన్ వినబడితే కాస్త పక్కకు తప్పుకోండి.