పిడికిలి ఎత్తితే బువ్వ పోయిన రోజులు

మీకు ప్రతిదానికీ తొందరే నాయనా. ఎక్కడో అమెరికాలో ఒక ఆటగాడు జాతీయగీతం వస్తుండగా ఒంటి మోకాలి మీద కూర్చుంటే, అతను లేచి మోకాలు దులుపుకునేలోపే దేశద్రోహో మహానుభావుడో మీ ఫోన్లు తేల్చేస్తాయి. మా రోజుల్లో ఒక మనిషిని తిట్టాలన్నా పొగడాలన్నా ముందు పేపరు రావాలి. అది మధ్యాహ్నం బస్సుకి గానీ వచ్చేది కాదు. గ్రంథాలయంలో పెద్దవాళ్ల చేతులన్నీ దాటి ఆటల పేజీ మా కుర్రాళ్ల దాకా వచ్చేసరికి పొద్దు గుంకేది. అప్పటికి ఆవేశపడే ఓపిక ఎవరికీ ఉండేది కాదు, చదివి ఆలోచించే ఓపిక మాత్రం ఉండేది.

1968 అక్టోబరులో మెక్సికో సిటీ ఒలింపిక్స్ ఫొటో కూడా మాకు అలాగే వచ్చింది. గద్దె మీద ముగ్గురు. అందులో ఇద్దరు నల్లజాతి కుర్రాళ్లు తల దించుకుని చెరో చెయ్యి పైకెత్తారు. ఇంకు అలుక్కుపోయి ఆ చేతులకేం తొడిగారో తెలియలేదు. దెబ్బ తగిలి కట్టు కట్టుకున్నారని ఒకడన్నాడు. లైబ్రేరియన్ గారు కళ్లజోడు పంచె చెంగుతో తుడుచుకుని, పేపరు వెలుతురుకు పట్టి చూసి, "గ్లౌజురా" అన్నారు. పరుగు పందెంలో గెలిచినవాడికి గ్లౌజెందుకని అరుగు మీద ఎన్ని సాయంత్రాలు వాదించుకున్నామో! అలా వాదించుకోబట్టే ఆ ఫొటో ఇప్పటికీ నాకు కళ్లకు కట్టినట్టుంది. నిన్న మీరు చూసిన ఫొటో ఒక్కటి చెప్పండి చూద్దాం.

మొత్తం కథ వినండి. 200 మీటర్ల పరుగులో టామీ స్మిత్ 19.83 సెకన్లలో ప్రపంచ రికార్డు కొట్టాడు. జాన్ కార్లోస్‌ది మూడో స్థానం. ఇద్దరూ అమెరికన్లే. కార్లోస్ తన గ్లౌజులు మర్చిపోయి వస్తే, స్మిత్ తెచ్చుకున్న జతనే చెరొకటి తొడుక్కోమని సలహా ఇచ్చింది రెండో స్థానంలో వచ్చిన ఆస్ట్రేలియా తెల్లవాడు పీటర్ నార్మన్. అందుకే ఒకరిది కుడి పిడికిలి, ఇంకొకరిది ఎడమ పిడికిలి. కాళ్లకు బూట్లు విప్పేసి ఉత్త నల్ల మేజోళ్లతో గద్దె ఎక్కారు, తమవాళ్ల పేదరికం లోకానికి కనపడాలని. చెప్పుల్లేకుండా బడికి నడవడం మాకు వింతేం కాదు. కానీ బూట్లు ఉండి కూడా, లేనివాళ్ల కోసం విప్పినవాణ్ణి అప్పుడే మొదటిసారి చూడటం. కార్లోస్ కోటు జిప్పు తీసి ఉంచింది ఒళ్లొంచి పనిచేసే కూలీల కోసం, మెడలో పూసలు వేసుకుంది చెట్లకు ఉరితీయబడ్డ నల్లవాళ్ల కోసం. ఒక్క ముక్క మాట్లాడకుండా ఇన్ని చెప్పారు. ఇప్పుడైతే చేసే పని గోరంత, దాని గురించి ఇచ్చే ప్రకటన కొండంత.

వాళ్లకు దక్కిందేమిటి? క్రీడాగ్రామం నుంచి గెంటివేత, ఇంటికి చంపుతామని బెదిరింపులు, ఏళ్ల తరబడి పనికోసం తిప్పలు. వాళ్లను పంపేయమని పట్టుబట్టిన ఒలింపిక్ సంఘం అధ్యక్షుడు ఏవరీ బ్రండేజ్, 1936లో బెర్లిన్‌లో గద్దెలెక్కి నాజీ వందనాలు చేసినవాళ్లకు మాత్రం అడ్డు చెప్పలేదు. మానవ హక్కుల బ్యాడ్జీ గుండె మీద పెట్టుకున్న పాపానికి నార్మన్‌నూ సొంత దేశం వెలివేసినట్టే చూసిందంటారు, 1972 మ్యూనిక్‌కి పంపలేదు. 2006లో అతను పోతే స్మిత్, కార్లోస్ వెళ్లి పాడె మోశారు. మీ ఫోన్లో వేలమంది స్నేహితులు ఉన్నారంటారు కదా, పాడె మోసేవాళ్లు ఎందరు?

బెర్లిన్ అన్నాను కాబట్టి మనవాళ్ల ముచ్చట కూడా చెప్పాలి. 1936 ఆగస్టు 15న హాకీ ఫైనల్. ధ్యాన్‌చంద్ జట్టు సన్నాహక మ్యాచ్‌లో జర్మనీ చేతిలో ఓడి ఉంది, గుండెల్లో దడగానే ఉంది. మైదానంలో ఎగిరే జెండా బ్రిటిష్ వాళ్లది, వాయించే గీతమూ వాళ్ల రాజుదే. అప్పుడు దుస్తులు మార్చుకునే గదిలో జట్టు సహాయ మేనేజరు పంకజ్ గుప్తా కాంగ్రెస్ మువ్వన్నెల జెండా బయటికి తీశాడు. జట్టంతా దానికి వందనం చేసి వెళ్లి, 8-1తో గెలిచి వచ్చింది. ఆ గదిలో కెమెరా లేదు. చూసి చప్పట్లు కొట్టినవాడూ లేడు. నా దృష్టిలో దేశభక్తి అంటే అదీ. జెండా తీసింది ఎవరికో చూపించడానికి కాదు.

ఇప్పుడు దేశభక్తి బడిలో హాజరుపట్టీలాగా తయారైంది. ఎవడు లేచాడు, ఎవడు లేవలేదు, ఎవడి పెదవులు కదిలాయి, అన్నీ లెక్కే. మా రోజులన్నీ బంగారమని నేననను. 1962 చైనా యుద్ధం తర్వాత సినిమా అయిపోగానే హాల్లో జనగణమన వేసేవారు. శుభం పడీ పడకముందే బెంచీ క్లాసు సగం తలుపు దగ్గర ఉండేది, ఆఖరి బస్సు తప్పిపోతుందని. ఆ పరుగెత్తేవాళ్లలోనే యుద్ధనిధికి చేతి గాజులు ఇచ్చిన ఆడవాళ్లూ ఉన్నారు. వాళ్ల భక్తిని శంకించాలన్న ఊహ మాకెవరికీ రాలేదు. మీ రోజుల్లో 2016లో సుప్రీంకోర్టు హాళ్లలో గీతం తప్పనిసరి చేస్తే, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లనూ వదలకుండా పక్కసీటువాళ్లే పోలీసులయ్యారు. 2018 జనవరిలో కోర్టే ఆ తప్పనిసరిని తీసేసింది.

ఈ తగువు మాకు కొత్త కూడా కాదు. కేరళలో ముగ్గురు పిల్లలు, యెహోవా సాక్షుల కుటుంబం వాళ్లు, గీతానికి మర్యాదగా లేచి నిలబడేవాళ్లు గానీ మతం ఒప్పదని పాడేవాళ్లు కాదు. బడి వాళ్లను పంపేసింది. 1986లో సుప్రీంకోర్టులో ఆ పిల్లల పక్షాన తీర్పు రాసింది మన తెలుగు జడ్జి ఓ. చిన్నప్పరెడ్డి గారు. పాడకపోతే అవమానించినట్టు కాదు, సహనం మన సంప్రదాయం అని తేల్చారాయన. నలభై ఏళ్ల కిందటే తీరిపోయిన లెక్క ఇది. మళ్లీ ఎందుకు తవ్వుతున్నారో నాకర్థం కాదు.

భారతదేశం నా మాతృభూమి అని మీరంతా చెయ్యి చాపి చెప్పిన ప్రతిజ్ఞ ఉంది చూడండి, దాన్ని 1962లో విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ రాసింది నల్లగొండ జిల్లా మనిషి పైడిమర్రి వెంకట సుబ్బారావు. దేశమంతా పిల్లలు రోజూ చదివారు. ఆయన పేరు మాత్రం పాఠ్యపుస్తకాల్లో చాలాకాలం లేనే లేదు. రాసినాయన కూడా పేరు వేయండని ఊరేగలేదు. ఇప్పుడు జెండా పక్కన నిలబడ్డ తన ఫొటో పెట్టకుండా పంద్రాగస్టు దాటనివాడు ఎవడున్నాడు?

ఇక మీరు నన్ను అడగబోయేది నాకు తెలుసు. మరి కేపర్నిక్ మాటేమిటి తాతా అని. 2016లో శాన్‌ఫ్రాన్సిస్కో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు క్వార్టర్‌బ్యాక్ కోలిన్ కేపర్నిక్, నల్లవాళ్ల మీద పోలీసుల జులుం చూడలేక మొదట గీతం వస్తుంటే బెంచీ మీద కూర్చున్నాడు. నేట్ బోయర్ అనే మాజీ సైనికుడు అది చూసి తనకు మొదట కోపం వచ్చిందని బహిరంగ లేఖ రాశాడు. మీ రోజుల లెక్కన అక్కడితో ఇద్దరూ జన్మశత్రువులు కావాలి. కేపర్నిక్ మాత్రం ఆ సైనికుణ్ణి పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడాడు. కూర్చోవద్దు, మోకాలి మీద ఉండు, చనిపోయిన తోటివాడి సమాధి ముందు మేం అలాగే ఉంటామని బోయర్ చెప్పాడు. కేపర్నిక్ అలాగే చేశాడు. ఆ పిల్లవాడు పుట్టడం ఆలస్యమైంది గానీ, నడవడి అంతా మా కాలంవాడిదే.

మిగిలినవాళ్లే మీ కాలంవాళ్లు. అప్పటి అధ్యక్షుడు ట్రంప్ 2017లో అలబామా సభలో అలాంటివాళ్లను పీకేయాలని బూతులు తిడితే జనం చప్పట్లు కొట్టారు. 2020లో జార్జి ఫ్లాయిడ్ హత్య జరిగి ఊళ్లన్నీ రోడ్డెక్కాక, ఆటగాళ్ల మాట ముందే వినకపోవడం తప్పేనని లీగు పెద్ద రోజర్ గుడెల్ వీడియోలో చెప్పాడు. ఆ వీడియోలో కేపర్నిక్ పేరెత్తలేదు. మైదానం చివర గడ్డి మీద జాతివివక్ష అంతం కావాలని పెద్దక్షరాలతో రంగు వేయించారు. రంగు డబ్బాకి ఎంతవుతుంది నాయనా? ఇరవై తొమ్మిదేళ్ల వయసులో, 2017 జనవరి 1న ఆడిందే కేపర్నిక్ ఆఖరి మ్యాచ్. ముప్పై రెండు జట్లున్న లీగులో ఆ తర్వాత అతని చేతికి బంతి ఇచ్చిన జట్టు ఒక్కటీ లేదు. ఎవడు లేచాడో ఎవడు లేవలేదో తర్వాత చూసుకోవచ్చు, ముందు ఆ ముప్పై రెండు జట్లనీ అడగండి.