సిపాయి సంచికి నామకరణ మహోత్సవం

రోమ్‌లో ట్రేజన్ చక్రవర్తి స్తంభం ఉంది. క్రీ.శ. 113లో నిలబెట్టారు. డేషియా దేశం మీద ఆయన చేసిన యుద్ధాల కథంతా దాని చుట్టూ మెలి తిరుగుతూ పైదాకా చెక్కి ఉంటుంది. కథ మొదట్లోనే సిపాయిలు డాన్యూబ్ నదిని పడవల వంతెన మీద దాటుతుంటారు. భుజాన కర్ర, కర్రకు సామాను, ఆ సామానులో ఒక సంచి. చూసినవాడెవడైనా దాన్ని సంచే అంటాడు. కానీ సంచి అంటే పాండిత్యం ఎక్కడుంది? అందుకని మన కాలపు పండితులు, రోమన్ సిపాయి వేషం కట్టే ఔత్సాహికులు, వాళ్లకు తోలు సరుకు అమ్మే వర్తకులు కలిసి దానికి బారసాల చేశారు. పేరు లోకులస్. బిడ్డ పుట్టిన పద్దెనిమిది వందల ఏళ్లు దాటాక జరిగిన బారసాల ఇది.

ఆ పేరు ఎవరు చెప్పారయ్యా అని అడగకూడదు, అడిగితే అజ్ఞానులం. స్తంభం చెప్పిందా? దాని పీఠం మీద శాసనం ఉన్నమాట నిజమే. సెనేటూ రోమన్ ప్రజలూ ట్రేజన్‌కు దీన్ని అంకితమిచ్చారనీ, ఎంత ఎత్తు కొండను తొలిచి చోటు చేశారో చూపడానికి నిలిపారనీ ఉంటుందే తప్ప అందులో సంచి ఊసే లేదు. పోనీ చరిత్రకారుడు జోసెఫస్? రోమన్ సిపాయి మోసే రంపం, బుట్ట, గొడ్డలి, కొడవలి, మూడు రోజుల తిండి, అన్నీ ఏకరువు పెట్టాడు. అదీ గ్రీకులో. యుద్ధతంత్రాల మీద రాసిన ఫ్రాంటినస్? సేనాని మారియస్ తన సిపాయిల చేత గిన్నెలూ తిండీ మూటలు కట్టించి కర్రలకు తగిలించి మోయించాడని రాశాడు. మూట అన్నాడు గానీ లోకులస్ అనలేదు.

మరి ఆ మాట లాటిన్‌లో లేదా? ఎందుకు లేదు, కావలసినంత ఉంది. చిక్కంతా అక్కడే. చిన్న చోటు, చిన్న అర అని దాని మూలార్థం. రోమన్లు దాన్ని ఎక్కడ పడితే అక్కడ వాడుకున్నారు. చిత్రకారులు రంగురంగుల మైనాలు దాచుకునే పెట్టెకు మన పోపుల డబ్బాలాగా గదులుంటాయనీ, కలవారి చేపల చెరువులకూ అలాగే గదులుంటాయనీ రోమన్ రచయిత వర్రో ఈ మాట నుంచి వచ్చిన విశేషణంతోనే వర్ణించాడు. కవి హొరేస్ చెప్పిన బడిపిల్లలు ఎడమ చేతికి వేలాడేసుకున్నది ఇదే. జూదగాళ్లు ఇప్పుడు చిన్న సంచీతో కాదు, ఏకంగా ధనపు పెట్టెతోనే బల్ల దగ్గర కూర్చుంటున్నారని వ్యంగ్యకవి జువెనల్ ఈసడించినప్పుడు ఆ చిన్న సంచీ ఇదే. లాటిన్ బైబిల్లో దొంగ యూదా దగ్గరున్న డబ్బు సంచీ ఇదే. రోమ్ చుట్టూ భూగర్భ సమాధుల గోడల్లో శవాన్ని పడుకోబెట్టి పలకతో మూసే అర కూడా ఇదే. ఇంటర్ విద్యార్థి బెండకాయ అడ్డంగా కోసి లెక్కపెట్టే బిలాల ఇంగ్లీషు పేరు కూడా దీని కడుపున పుట్టిందే.

ఇన్ని అర్థాలున్న మాటను పట్టుకుని, ఫలానా తోలుసంచికి ఇదే అసలు పేరు అంటే ఏమవుతుంది? ప్రతి సిపాయీ తన సమాధిని తానే కర్రకు తగిలించుకుని డేషియా మీదికి దండయాత్రకు వెళ్లినట్టవుతుంది. సైన్యానికి అంతకన్నా ముందుచూపు ఎక్కడుంటుంది!

ఆర్కిమెడిస్ పేరుతో ఒక ఆటపెట్టె ఉంది. లాటిన్ వ్యాకర్తలు దానినీ లోకులస్ అనే పిలిచారు. పద్నాలుగు ముక్కలు, వాటిని కలిపితే చతురస్రం. అలా కలపడానికి 536 వేర్వేరు మార్గాలున్నాయని 2003లో లెక్క తేల్చారు. పద్నాలుగు ముక్కలకే 536 మార్గాలుంటే, మన నామకరణ పురోహితుల దగ్గర మాత్రం ఒక మాటకు ఒకటే మార్గం. తా పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

ఈ జబ్బు సంచితో మొదలైందీ కాదు, ఆగిందీ కాదు. రోమన్ సిపాయి అనగానే సినిమాల్లో కనిపించే ఇనుప పట్టీల కవచాన్ని లోరికా సెగ్మెంటాటా అంటారు. ఎంత ప్రాచీనంగా మోగుతుందో! ఆ పేరు పెట్టింది పదహారో శతాబ్దపు పండితులు. రోమన్లు దాన్ని ఏమని పిలిచేవారో ఎవరికీ తెలియదు. అయినా గాజుపెట్టెలో లాటిన్ పేరు రాసి పెడితే చూసేవాడు చేతులు జోడిస్తాడు. ఒక పుస్తకం చూసి ఇంకో పుస్తకం, దాన్ని చూసి దుకాణంలో చీటీ, చీటీ చూసి మళ్లీ పుస్తకం. నాలుగుసార్లు తిరిగేసరికి ఊహ కాస్తా ఆధారమై కూర్చుంటుంది. ఇక్కడ లోకులకూ లోకులస్‌కూ పెద్ద తేడా లేదు. ఒకరన్నది పదిమంది అనడమే ప్రమాణం.

పిలుచుకోవడానికి ఏదో ఒక పేరు కావాలి కదా అంటారు. కావాలి, కాదనలేదు. మేం పెట్టుకున్న పేరు అని ఒక్క ముక్క చేర్చితే గొడవే లేదు. అది చేర్చకుండా రోమన్ల నోట్లో మన మాట పెట్టడం చరిత్ర కాదు, చీటీ అంటించడం. కనుక పాఠకులకు ఒకటే మనవి. ఇకమీదట ప్రదర్శనశాలలో ఏ వస్తువు కిందనైనా గంభీరమైన పేరు కనిపిస్తే, ఆ కాలంవాడెవడు, ఏ వస్తువును చూపించి, ఎక్కడ ఆ మాట అన్నాడో అడగండి. జవాబు లేకపోతే సంచిని సంచి అనే అనండి. దానివల్ల రోమన్ సామ్రాజ్యానికి వచ్చే నష్టమేమీ లేదు.