కాళీయే కదమ్మా!

మా అనకాపల్లిలో ధర పలకని వస్తువు లేదు. మార్కెట్ యార్డుకి వచ్చిన బెల్లం దిమ్మని రంగు చూసి మొదటి రకమనీ రెండో రకమనీ వేరుచేసి, క్వింటాకి ఇంతని వేలం పాడతారు. మాడి నల్లబడ్డ దిమ్మకి కూడా మూడో రకం అన్న మర్యాద, దానికో రేటు, మర్నాడు పేపర్లో ఒక వాక్యం దక్కుతాయి. రెండున్నరేళ్ల గుంటడితో ఇంటిపట్టున ఉండిపోయిన నన్ను మాత్రం ఏ రకంలో వెయ్యాలో ఎవరికీ పాలుపోలేదు. అందుకని ఊరంతా కలిసి ఒక మాట ఖాయం చేసింది. కాళీ.

"ఏటమ్మా, ఉద్దోగం మానేసేవట! మరిప్పుడు కాళీయేనా?" పాలాయన అడిగాడు. ఎదురింటి పిన్నిగారు అడిగారు. మా ఆడపడుచైతే ఫోన్లో తేల్చేసింది: "వదినా, నువ్వెలాగూ ఖాళీయే కదా, మా చిన్నదాన్ని కూడా రెండ్రోజులు నీ దగ్గర ఒదిలేస్తాను."

సరే, ఆ ఖాళీ ఒకసారి చూద్దురు గాని రండి.

మా మేడ మీంచి రైలు పట్టాలు కనిపిస్తాయి. బండి వస్తేనే మావాడి నోరు తెరుచుకుంటుంది. హౌరా-చెన్నై లైను కాబట్టి బండ్లకి కరువు లేదు గాని, నా ప్రాణానికి గూడ్సే హాయి. బొగ్గు పెట్టెలు ఒక్కోటీ బద్ధకంగా కదులుతుంటే నాలుగు ముద్దలు దింపెయ్యొచ్చు. ఎక్స్‌ప్రెస్ వచ్చిందా, నష్టమే. ముద్ద కలిపేలోపు ఆఖరి పెట్టె కూడా దాటిపోతుంది, పప్పన్నం నా జుట్టులోకి వస్తుంది. గూడ్సు ఆలస్యమైతే ఎండలో ఒకత్తి కంచం పట్టుకుని ఎదురుచూస్తూ ఉంటుందని రైల్వేవాళ్లకి ఎవరు చెప్పాలి?

బండి వెళ్లిపోయాక వాడు పప్పు చేత్తోనే నా గెడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంటాడు. "రైలు తాతగాలింటికి ఎల్లింది" అని చెవిలో రహస్యం చెబుతాడు. ఆ పప్పు మరక సాయంత్రందాకా అలాగే ఉంచుకుంటాను. కడుక్కోబుద్ధి కాదు.

ఇది చెబితే "చూశావా, ఎంత అదృష్టమో" అంటారు. అదృష్టమే, కాదన్నదెవరు? అదృష్టవంతురాలికి బాత్రూముకి వెళ్లే హక్కు ఉండకూడదా అన్నదే నా పేచీ. గొళ్లెం పెట్టుకున్న అరనిమిషానికి తలుపు కింద సందులోంచి నాలుగు బుల్లివేళ్లు లోపలికొస్తాయి. "అమ్మా, ఏటి సేత్తన్నావు?" ఊరడిగే ప్రశ్నే, కాకపోతే వీడికి జవాబు నిజంగా కావాలి. మొన్న ఆ వేళ్లకి బెల్లం అంటుకుని ఉంది. బయటికొచ్చి చూస్తే డబ్బా మూత తీసుంది, ఇంత ముక్క మాయం. ఎక్కడ దాచావురా అంటే చెప్పడు. నవ్వుతాడు.

ఉద్యోగం ఎందుకు మానాల్సొచ్చిందంటారా? నేను పనిచేసింది మందుల కంపెనీలో. 2017లో చట్టం సవరించి 26 వారాల ప్రసూతి సెలవు ఇమ్మన్నారు, ఇచ్చారు. 27వ వారానికి పిల్లాడు తనంతట తనే లేచి, పళ్లు తోముకుని, క్యారేజీ సర్దుకోవాలన్నమాట. 50 మంది పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే గది ఉండాలని కూడా అదే చట్టం చెప్పింది. మాకూ ఉండేది ఆ గది. అందులో పాత ఫైళ్లు పెరుగుతుండేవి.

వీధి మాటకేం గాని, సర్కారు లెక్కా అదే. 2001 జనాభా లెక్కల్లో వంటావార్పూ, పిల్లల పెంపకం చూసే ఆడవాళ్లని, సుమారు 36 కోట్ల మందిని, పని చెయ్యనివాళ్ల ఖాతాలో బిచ్చగాళ్ల సరసన, ఖైదీల సరసన కూర్చోబెట్టారు. ఇదేం లెక్కని 2010లో సుప్రీంకోర్టే తప్పుపట్టింది. ఖైదీలతో కలపడం నాకూ నచ్చలేదు. వాళ్లకి వేళకి అన్నం పెడతారు, పనిచేస్తే కూలీ కూడా కడతారు.

మరి మా పనికి ధర కట్టే చోటే లేదా అంటే, ఉంది. లారీ గుద్దాలి. 1989లో జంషెడ్‌పూర్ అగ్నిప్రమాదంలో కాలిపోయిన గృహిణుల సేవలకి 2001లో సుప్రీంకోర్టు పరిహారం లెక్కలో నెలకి 3,000 రూపాయలు కట్టింది. 2014లో ఢిల్లీలో బైకు మీద వెళ్తూ భార్యాభర్తలిద్దరూ పోయారు, మూడేళ్లదీ నాలుగేళ్లదీ పిల్లలు మిగిలారు. ఆ కేసులో 2021 జనవరిలో మన జస్టిస్ ఎన్.వి.రమణ విడిగా తీర్పు రాస్తూ 2019 సర్వే లెక్క తీశారు. ఇంటి పనికి ఆడవాళ్లు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్లు 97. ఇల్లాలి పనికి ఆదాయం లెక్కగట్టాల్సిందే అన్నారు. ఆ కేసు విన్న ముగ్గురు జడ్జీల్లో ఒకరైన జస్టిస్ అబ్దుల్ నజీర్ తర్వాత మన రాష్ట్రానికే గవర్నరుగా వచ్చారు. అంటే సంగతి రాజ్‌భవన్‌దాకా వచ్చింది, మా వీధిలోకే రాలేదు. ఇంకా బతికే ఉన్నాను కాబట్టి నాకు రేటు లేదు. ఊరి పక్కనుంచే పోయే 16వ నంబరు జాతీయ రహదారిని చూసినప్పుడల్లా నా జీతం అక్కడెక్కడో తిరుగుతోందనిపిస్తుంది.

2024లో ఆ నిమిషాలు మళ్లీ లెక్కపెట్టారు. మాకు 289, మగవాళ్లకి 88. పది నిమిషాలు తగ్గాయని సంబరపడబోయేలోపు వాళ్లకీ తొమ్మిది తగ్గాయి. మధ్యలో గిన్నెలు వాటంతటవే తోముకున్నాయి కాబోలు.

మా ఆయన మంచివాడు. రాత్రి వచ్చి పావుగంట పిల్లాణ్ణి గాల్లోకి ఎగరేసి, వాడి నిద్ర మొత్తం చెడగొట్టి, "నీకు సాయం చేస్తున్నాను" అంటాడు. మొన్న అన్నం తింటూ, "రోజంతా ఇంట్లోనే ఉంటావు కదా, నా బూట్లు కాస్త తుడిచి పెట్టకూడదూ?" అన్నాడు.

గుమ్మం వైపు చూశాను. గడప కిందనుంచి చీమలు బారు కట్టి, ఎడమ బూటులోకి వెళ్తున్నాయి. పోయిన బెల్లం ముక్క జాడ తెలిసింది.

ఏమీ అనలేదు. పొద్దున్న ఆరింటికి ఆయన షిఫ్టు బస్సు. ఖాళీయే కదా, అందాకా చూస్తూ కూర్చున్నాను.