ఫ్యాను రెక్కల మీద పరలోకం

మా గుళ్లో ప్రసంగం సాగుతున్నంతసేపూ సంఘమంతా పైకే చూస్తుంది. కొత్తగా బదిలీ మీద వచ్చిన అయ్యగారు అది భక్తి అనుకుని మొదటి నెలంతా మురిసిపోతారు. రెండో నెలకు సంగతి తెలుస్తుంది. జనం చూస్తున్నది పరలోకం వైపు కాదు, ఫ్యాన్ల వైపు. ప్రతి రెక్క మీదా ఎర్ర పెయింటుతో దాత పేరు, తండ్రి పేరు, రిటైరైన ఉద్యోగం, ఎవరి జ్ఞాపకార్థం ఇచ్చారో వారి పేరు ఉంటాయి. చిక్కల్లా ఒక్కటే. ఫ్యాను తిరుగుతుంటే పేరు కనబడదు, కరెంటు పోతేనే దాత మహిమ వెల్లడవుతుంది. అందుకే ఎండాకాలం ఆరాధన మధ్యలో కరెంటు పోయినా విసుక్కోని కుటుంబాలు మా సంఘంలో కొన్ని ఉన్నాయి.

ఫ్యాన్లతో ఆగితే మా సంఘం ఎందుకవుతుంది? బెంచీల వీపులకు పేర్లున్నాయి. గోడ గడియారానికి, ప్రసంగ వేదికకు, ప్రభువు బల్ల మీది గుడ్డకు, ఆఖరికి చెప్పుల స్టాండుకూ ఉన్నాయి. ప్రహరీ గోడలో ఒక్కో గజం ఒక్కో ఇంటిపేరు మీద ఉంది. మొత్తం గుడిలో పేరులేని వస్తువు కానుక సంచి ఒక్కటే. ఎవరు ఎంత వేశారో పక్కవాడికి తెలియదు కాబట్టి, చిల్లరంతా అందులోనే పడుతుంది.

కుడిచేయి ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని కొండమీద ప్రసంగంలో ప్రభువు చెప్పిన సంగతి మాకు కంఠతా వచ్చు. ఆ ఆజ్ఞ మేం మీరం. ఎడమచేతికి చెప్పం, మైకులో చెబుతాం.

సంఘ క్యాలెండరు ప్రకారం మా ఏడాది జనవరిలో మొదలు కాదు. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల ఆగమన కాలంతో మొదలవుతుంది. ఆచరణలో అయితే ఫ్లెక్సీతో మొదలవుతుంది. మధ్యలో ఎమ్మెల్యే గారు, కుడివైపు సెక్రటరీ, ఎడమవైపు ట్రెజరర్, కింద వరసగా యూత్ నాయకులు నల్ల కళ్లద్దాలతో. పైన మూలన, ప్రెస్సువాడు ఖాళీ మిగిలితే పెట్టినచోట, బాలయేసు. పుట్టినప్పుడు సత్రంలో చోటు దొరకనివాడికి ఫ్లెక్సీలోనూ అంతే దొరుకుతోంది.

తర్వాత సెమీ క్రిస్మస్. ఏ ప్రార్థనా గ్రంథంలోనూ లేకపోయినా మా ప్రాంతంలో అసలు క్రిస్మస్‌కంటే ఘనంగా జరిగేది ఇదే. ముఖ్య అతిథి రెండు గంటలు ఆలస్యంగా వస్తారు. అందాకా క్వయిరు పాడిన పాటే పాడుతుంది. వచ్చాక ఆయన కేకు కోసి, అయ్యగారికి ఓ ముక్క పెట్టి, కెమెరా సరిగా తీయలేదంటే మళ్లీ పెట్టి, తాను మిషన్ స్కూల్లోనే చదువుకున్నానని గుర్తుచేసుకుని, కమ్యూనిటీ హాలు వాగ్దానం చేసి వెళతారు. పోయినసారి వాగ్దానం చేసినాయన ఏ పార్టీలో ఉన్నారో, ఆ హాలు ఏ దశలో ఉందో అడగడం క్రైస్తవ మర్యాద కాదు.

డిసెంబర్ 31 రాత్రి ఇంకో రకం వాగ్దానాలు. కొత్త సంవత్సరం ఆరాధన చివర పళ్లెంలో వాక్యం కార్డులు పెడతారు, ఇంటికొకటి తీసుకోవాలి. ఆస్తి వృద్ధి వచ్చినవాడు ఫ్రేము కట్టించి హాల్లో తగిలిస్తాడు. ఓర్పు వచ్చినవాడు ఇంకోటి తీసుకోవచ్చా అని అమ్మగారిని పక్కకు పిలిచి అడుగుతాడు.

ఆ మత్తు దిగేసరికి భస్మ బుధవారం, నలభై రోజుల శ్రమల కాలం. రోజుకో ఇంట్లో సాయంకాల ప్రార్థన. మొదటి ఇంట్లో టీ, బిస్కెట్లు. రెండో ఇంట్లో టీతోపాటు గారెలు. నలభయ్యో ఇంటికి వచ్చేసరికి ఆతిథ్యం బిర్యానీ దాకా ఎదుగుతుంది. ఉపవాస దినాల్లో బరువు పెరిగే సంఘం మాదే అయివుంటుంది.

ఇక శుభ శుక్రవారం. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా సిలువ మీద పలికిన ఏడు మాటల ధ్యానం. ప్రభువు ఆ ఏడూ క్లుప్తంగా పలికారు. ఆ లోటు మా వక్తలు తీరుస్తారు. ఎవరికి ఏ మాట అన్నది తేల్చడానికే కమిటీ మూడుసార్లు కూర్చోవాలి. మొదటిదైన క్షమాపణ మాటకు గిరాకీ ఎక్కువ. అప్పటికింకా జనం నిద్రలోకి జారరు, మైకు గొంతు కూడా పట్టేయదు. కిందటిసారి అది మాజీ సెక్రటరీ గారికి దక్కింది. ఇప్పటి సెక్రటరీ మీద ఆయన వేసిన కేసు ఆ తర్వాతి మంగళవారమే వాయిదాకు వస్తోంది. శత్రువును ఎలా క్షమించాలో ఆయన కన్నీళ్లతో నలభై నిమిషాలు వివరించి, ఎవరిని క్షమిస్తున్నారో పేరు చెప్పకుండానే అందరికీ తెలిసేలా చేశారు.

తల్లిని శిష్యుడికి అప్పగించిన మూడో మాట స్త్రీల మైత్రికి రిజర్వు. మిగతా ఆరింటిలో ఆడవాళ్లకు చోటు లేదు. సిలువ దగ్గర మగ శిష్యుల్లో ఎక్కువమంది పారిపోతే నిలబడింది ఆడవాళ్లేనన్న సంగతి కమిటీ దృష్టికి ఇంకా వచ్చినట్టు లేదు. ఐదోది దాహం మాట. ఖాళీ కడుపులతో, ఎండ మాడ్చేస్తున్న రెండు గంటల వేళ, ఆ మాట అందుకున్నాయన ఎదురుగా గ్లాసు పెట్టుకుని, గుక్కగుక్కా తాగుతూ దాహం గురించి ముప్పావుగంట చెబుతారు. ఆరోది సమాప్తమైందన్న మాట. అది వినగానే సంఘం ఆశగా లేస్తుంది. ఇంకా ఏడోది ఉందని అయ్యగారు మళ్లీ కూర్చోబెడతారు.

ఈస్టరుకు ముందే సమాధుల తోటలో సున్నాలు, పూలదండలు, కొవ్వొత్తులు. తెల్లవారుజామున వాక్యం ఖాళీ సమాధి గురించి, జనం చూపు మాత్రం నిండిన సమాధుల గ్రానైటు మీద. ఎవరి రాయి పెద్దది, ఎవరి అక్షరాలకు బంగారు రంగు పూశారు అన్న చర్చ సూర్యోదయం దాకా నడుస్తుంది. మేలో పిల్లలకు వీబీఎస్ అనే సెలవుల బైబిల్ బడి. ఆ వెనకే బిషప్ ఆఫీసు నుంచి అయ్యగారికి బదిలీ ఉత్తర్వు. వీడ్కోలు సభలో వెక్కివెక్కి ఏడ్చేవాళ్లను గమనిస్తే, బదిలీ కోరుతూ అర్జీ మీద సంతకాలు పెట్టింది ఎవరో వేరే విచారించనక్కరలేదు.

సెప్టెంబర్ 27 మా దక్షిణ ఇండియా సంఘం పుట్టినరోజు. స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకు, 1947లో, మద్రాసు సెయింట్ జార్జి కేథడ్రల్‌లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు పాత గొడవలన్నీ పక్కనపెట్టి ఒక్క సంఘమయ్యారు. బిషప్పులున్న శాఖా, బిషప్పులంటే గిట్టని శాఖలూ కలిసిపోవడం ప్రపంచానికే విడ్డూరంగా కనిపించింది. ఆ మహత్తర ఐక్యతను మేం ఏటేటా స్మరించుకుంటాం. జెండా ఎవరు ఎగరేయాలన్న దాని మీద రెండు వర్గాలుగా విడిపోయి స్మరించుకుంటాం.

కోతలయ్యాక కోత పండుగ. దోర్నకల్ బిషప్ అజరయ్య గారి పేరు వినని తెలుగు క్రైస్తవుడు ఉండడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయిన ఆయన, కూలి జనం నిండిన పల్లె సంఘాలు కూడా సొంత కానుకలతో తమ కాళ్ల మీద నిలబడాలని పట్టుబట్టారు. చేతిలో డబ్బు ఆడనివాడు ధాన్యం తెచ్చాడు, కోడిని తెచ్చాడు, గుడ్డు తెచ్చాడు. ఇప్పుడూ తెస్తున్నాం. బల్ల ముందు అరటిగెలలు, బస్తాలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు. కోళ్లు కూడా ప్రసంగం అంతా వింటాయి, వాటికి వేరే దారి లేదు.

ఆరాధన అవగానే వేలంపాట. బజారులో అరవై రూపాయలు చేసే గుమ్మడికాయ మా గుళ్లో ఎనిమిది వేల దగ్గర ఒకటోసారి, రెండోసారి అంటూ ఊగుతుంది, ఎందుకంటే పాడుతున్నది ఇద్దరు వియ్యంకులు. గెలిచినాయన ఉదారంగా కాయను మళ్లీ గుడికే ఇచ్చేస్తాడు. మళ్లీ పాట. అలా ఒకే కాయ నాలుగు కుటుంబాల పరువు నిలబెట్టి, చీకటిపడే వేళకు అమ్మగారి వంటింట్లో పులుసవుతుంది. మరి డబ్బో? "రాసుకోండి" అన్న మాట గంభీరంగా వినబడుతుంది. ట్రెజరర్ రాసుకుంటాడు. వసూలుకు వెళ్లినప్పుడు ఆ గంభీర స్వరం ఇంట్లో ఉండదు. మళ్లీ ఏడు కోత పండుగకు ముందు బకాయిల జాబితా చదువుతారు. మైకులో తమ పేరు రాకూడదని మావాళ్లు ప్రార్థించే సందర్భం ఏడాది మొత్తంలో అదొక్కటే.

మూడేళ్లకోసారి వచ్చే కమిటీ ఎన్నికలు ఏ ఋతువులో వచ్చినా ఎండాకాలమే. చందా కట్టినవాడికే ఓటు. మూడేళ్లుగా చందా కట్టని కుటుంబాలు ఓ శనివారం సాయంత్రం ఒక్కసారిగా బకాయిలన్నీ తీర్చేసుకుంటాయి. రసీదులన్నీ ఒకే చేతి రాతలో ఉంటాయి. డబ్బు ఎవరిచ్చారో ఎవరూ చెప్పరు. పేరు చెప్పని దాత మా సంఘంలో దర్శనమిచ్చేది ఆ ఒక్క సాయంత్రమే.

ఆ ఓటర్ల జాబితాలో ఇంకో చిక్కుంది. గుళ్లో సమూయేలు అయినాయన బడి సర్టిఫికెట్‌లో సుబ్బారావు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు అందులో చేరారు. క్రైస్తవులు చేరలేదు. సిలువకు దండం పెట్టగానే మాలమాదిగ పేటను ఊరు నడిమధ్యకు జరిపినట్టు చట్టం అనుకుంటోంది. పేట ఉన్నచోటే ఉంది. అందుకే ఇంటింటా రెండు పేర్లు, ఒకటి దేవుడికి, ఒకటి తహసీల్దారుకు.

పేర్లతో మావాళ్లకున్న పేచీ మొత్తం నవ్వి వదిలేసేది కాదని ఇక్కడే తెలుస్తుంది. తెలుగునాట మిషన్ సంఘాల్లో చాలావరకు పుట్టింది మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ ఏట్లో బాప్టిస్టు మిషన్ ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది. కడుపులు కాల్చిన పెద్ద కరువు వెనువెంటనే జరిగిన సంగతి అది. మా శాఖ కాకపోయినా చరిత్ర అందరిదీ. ఊళ్లో "ఒరే" తప్ప ఇంకో పిలుపు ఎరగని మనిషిని నీ పేరేమిటని అడిగి, ఆ పేరును సిరాతో పుస్తకంలోకి ఎక్కించిన చోటు గుడి. బాప్తిస్మపు రిజిస్టరులో తన పేరు మీద వేలు పెట్టి చూసుకున్న ముత్తాతకు అది మనిషిగా పొందిన గుర్తింపు. ఆ ముత్తాత వారసుడికి పేరంటే ప్రాణం కావడంలో వింత లేదు. రిజిస్టరులో ఉచితంగా దొరికిన గౌరవాన్ని ఫ్యాను ధర పెట్టి మళ్లీ కొనుక్కోవడంలోనే ఉంది వింత.

కట్టడాల సంగతీ ఇంతే. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించిన మెదక్ కేథడ్రల్ గోపురం 175 అడుగులు. కరువులో అలమటిస్తున్న జనానికి పనీ తిండీ దొరకాలని మిషనరీ పోస్నెట్ దొర ఆ పని చేపట్టాడు. గుడి కట్టే వంకన జనం అన్నం తిన్నారు. మేమిప్పుడు బాగున్న గుడిని పడగొట్టి, పక్క ఊరి గోపురంకంటే పది అడుగులు ఎత్తు కడుతున్నాం. బడ్జెట్ కాగితంలో శిలాఫలకం మొదటి వరసలో ఉంటే, పేద పిల్లల ఫీజుల నిధి ఆఖరి వరసలో సున్నా పక్కన ఉంటోంది.

ఇంత హడావిడిలోనూ గుడిని నిజంగా నడిపే కానుక ఒకటుంది. పొయ్యి మీది ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి పక్క డబ్బాలో వేస్తారు మా ఆడవాళ్లు. వారమంతా పోగైంది ఆదివారం సంచిలో తెచ్చి ఒకే రాశిలో పోస్తారు. కలిశాక ఎవరి గింజ ఏదో దేవుడికి తప్ప ఎవరికీ తెలియదు. పిడికెడు బియ్యానికి శిలాఫలకం వేసిన కమిటీ ఇంతవరకు లేదు. దేవాలయంలో రెండు కాసులు వేసిన విధవరాలి కథ ప్రతి స్టివర్డ్‌షిప్ ఆదివారమూ వింటాం. ఆమె పేరు సువార్తల్లో ఎక్కడా లేదు. ఆమె కానుకను మెచ్చుకోవడానికి ప్రభువుకు ఆ పేరు అవసరం పడలేదు.

అంచేత రాబోయే జనరల్ బాడీకి ఒక తీర్మానం పెడుతున్నాను. గుళ్లో ఫ్యాన్లన్నిటికీ తెల్లరంగు వేయించాలి. ఇకమీదట వస్తువు ఇచ్చేవారికి రసీదు ఇవ్వాలి, రెక్క ఇవ్వకూడదు. శిలాఫలకాలకు పెట్టే డబ్బు పిల్లల ఫీజులకు పోవాలి. పిడికెడు బియ్యం తెచ్చే ఆడవాళ్లు కమిటీలో సగం కుర్చీల్లో కూర్చోవాలి. ఇది నెగ్గదని తెలుసు, ఫ్యాన్లిచ్చినవాళ్లే కమిటీలో ఉన్నారు. అయినా మీ మీ సంఘాల్లోనూ పెట్టి చూడండి. ఒక్క మనవి, మినిట్స్‌లో ప్రతిపాదించినవారి పేరు రాయించకండి.