సిక్కోలు నుంచి రాక్షసబల్లి దాకా: ఫొటో మిత్రులకు సలహాలు

శనివారం తెల్లవారుజామున శ్రీకాకుళంలో బయల్దేరి, హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో రాక్షసబల్లికి ఫొటోలు తీసి, సోమవారం పొద్దున్న ఆఫీసులో సంతకం పెట్టేయొచ్చు. ఒకవైపు 700 కిలోమీటర్ల పైచిలుకు, అంతే కదా. మ్యాపు చెప్పిన టైమునే నమ్మండి. మ్యాపు టీ తాగదు, మీరూ తాగకండి. విజయనగరం మిత్రుణ్ని ఎక్కించుకోవడానికి హైవే దిగి కోట దాకా వెళ్లండి. "అయిపోనాది బావా, వచ్చెత్తన్నాను" అని వాడు ఫోన్లో అన్నాక ఇంకో ముప్పావుగంట తీరిగ్గా నిలబడొచ్చు. ఆముదాలవలసలో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుకునేవాళ్ల మాట ఎత్తొద్దు. కంటినిండా నిద్రపోయినవాడికి ఫొటోగ్రఫీ ఏం తెలుస్తుంది?

ప్రతి గుంపులోనూ నాలుగు ముక్కలు చదివినవాడు ఒకడుంటాడు. "పక్షులు కూడా డైనోసార్లేరా, ఇంత దూరమెందుకు, టెక్కలి దాటి తేలినీలాపురం పోదాం" అంటాడు. చలికాలంలో అక్కడ గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చెట్ల మీదే గూళ్లు కట్టుకుని పిల్లల్ని పెంచుతాయి. గంటన్నర ప్రయాణం, పొద్దుటి ఎండ, కదిలే రెక్కలు. ఇన్ని సదుపాయాలుంటే సాహసం ఎక్కడుంది? పైగా ఆ డైనోసార్లు బతికే ఉన్నాయి, చెప్పినట్టు నిలబడవు. వాణ్ని వెనకసీట్లో మధ్యన కూర్చోబెట్టి, ఒళ్లో జంతికల డబ్బా పెట్టండి.

ఫాస్టాగ్‌లో డబ్బులు చూసుకోవద్దు. నాతవలస నుంచి పంతంగి దాకా టోల్‌గేటు టోల్‌గేటుకీ అదనంగా కడుతూ, వెనక లారీవాళ్ల ఆశీస్సులు అందుకుంటూ వెళ్లడంలో ఒక దర్జా ఉంది. రావులపాలెంలో పూతరేకులు కొని కెమెరా సంచీలో, లెన్సుల మధ్య సర్దండి. ఆ చక్కెర పొడి ఫోకస్ రింగులోకి దిగితే తర్వాత ప్రతి ఫొటోలోనూ కళాత్మకమైన మసక తనంతట తానే వస్తుంది. కారు నడిపేవాడికే మంచి కెమెరా ఇవ్వండి. ఫొటోలో వాడెలాగూ ఉండడు.

మ్యూజియం చేరాక డైనోసారియంలోకి నడవండి. 2000లో తెరిచారు. అక్కడ నిలబెట్టింది కోటసారస్, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర దొరికింది. ఆకులూ అలములూ తినే జాతి, పొడవు దాదాపు 9 మీటర్లు, వయసు 18 కోట్ల ఏళ్ల పైమాటే. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ శాస్త్రవేత్త పి. యాదగిరి 1988లో పేరు పెట్టారు. ఇవన్నీ బోర్డు చదివేవాళ్లకి. మీరు నేరుగా ఫ్లాష్ కొట్టండి. దగ్గరి పక్కటెముకలు సున్నం వేసినట్టు తెల్లగా మెరిసిపోతాయి, వెనకవి చీకట్లో కలిసిపోతాయి, సగం జంతువుతో పని తేలిపోతుంది. ఫోన్‌లో పోర్ట్రెయిట్ మోడ్ ఇంకా మేలు: ఎముకకీ ఎముకకీ మధ్య ఖాళీని ఏం చెయ్యాలో తెలియక, అది సగం పక్కటెముకల్ని వెనకగోడతో కలిపి చెరిపేస్తుంది. పక్కన మనిషిని నిలబెట్టారో, అది ఎంత పెద్దదో చూసినవాళ్లకి తెలిసిపోతుంది. జాగ్రత్త.

ఫోకస్ మాత్రం తల మీదే పెట్టండి. ఈ సలహా తప్పకుండా పాటించాలి. తవ్వకాల్లో కనీసం 12 జంతువుల ఎముకలు, సుమారు 840 ముక్కలు బయటపడ్డాయి. పుర్రె మాత్రం దొరకలేదు, రెండు పళ్లు తప్ప. అంటే మెడ చివర కనిపించే ముఖం మనుషులు ఊహించి పెట్టింది. ఆ తవ్వకం ఘనతంతా నడుము, తొడ, వెన్నుపూసల్లో ఉంది కనుక వాటిని ఫ్రేములోంచి కోసేసి, ఊహాముఖంతో సెల్ఫీ దిగండి. కింద 'టి-రెక్స్‌తో మేము' అని రాయండి. టి-రెక్స్ పుట్టింది ఇంకో 11 కోట్ల ఏళ్లకని జంతికల డబ్బావాడు గొణుగుతాడు. పక్షులు వచ్చింది కూడా టి-రెక్స్ ఉన్న రెండుకాళ్ల వంశం నుంచే గానీ కోటసారస్ వంశం నుంచి కాదంటాడు. నిజమే, ఒప్పుకోకండి.

పక్కనే బిర్లా మందిర్. కెమెరాలూ ఫోన్లూ లోపలికి రానివ్వరని తెలిసే, ట్రైపాడ్‌తో సహా అన్నీ భుజానేసుకుని కొండెక్కండి. సామాను దగ్గర కాపలా ఎవరుండాలన్న తగవుతో సాయంత్రం గడిచిపోతుంది. ఆ కొండ, నౌబత్ పహాడ్ మీంచి హుస్సేన్‌సాగర్ మీద పడే ఎండ తియ్యాల్సిన సమయం సరిగ్గా అదే.

తిరుగు ప్రయాణం రాత్రికి పెట్టుకోండి. నడిపేవాడు కునుకు తీస్తున్నట్టు అనిపిస్తే లేపకండి, పాపం అలిసిపోయాడు. (ఈ ఒక్క సలహా పాటించకండి. సూర్యాపేటలో ఆగి, గది తీసుకుని పడుకోండి. ఆఫీసుకి సెలవు పెట్టండి.)

ఫొటోలన్నీ వాట్సాప్‌లోనే పంపండి, 24 మెగాపిక్సెళ్లూ నలిగి తపాలాబిళ్లంత అవుతాయి. టోల్ లెక్క మాత్రం నెల దాటాక తీయండి. పెట్రోలు కొట్టించినవాడికి గుర్తుండదు, కొట్టించనివాడికి అసలే గుర్తుండదు, డబ్బా పట్టుకున్నవాడు మాత్రం పైసలతో సహా రాసి పెట్టుకుని ఉంటాడు.