ఆదివారపు సైకిలు

ఆదివారం ఉదయం సైకిలెక్కడం ఇప్పుడు ప్రజాప్రతినిధులకూ అధికారులకూ నిత్యకర్మలలో ఒకటైంది. కేంద్ర క్రీడాశాఖ 2024 డిసెంబరులో ‘సండేస్ ఆన్ సైకిల్’ మొదలుపెట్టాక దానికి శాస్త్రప్రమాణం కూడా దొరికింది. ఈ క్రతువులో సైకిళ్లు ముందుగా వ్యానులో వేంచేస్తాయి. వాటిని తొక్కవలసినవారు కార్లలో విచ్చేస్తారు. ఆ కార్లు రోడ్డు వారన బారులు తీరి, అసలే అరకొరగా ఉన్న నడకదారిని మింగేస్తాయి. అటుపైన జెండా ఊపగా, పోలీసులు ఖాళీ చేయించిన దారిలో పర్యావరణం కాసేపు పరిరక్షింపబడుతుంది.

ఈ ఊరేగింపులో అందరికన్నా ఎక్కువ శ్రమించేది వెనకాల వచ్చే ఎస్కార్టు కారు. నాయకుని తొక్కుడు వేగానికి తగ్గట్టు అది మొదటి గేరులో పాకుతూ, రోజువారీ ప్రయాణంలో కాల్చనంత డీజిలు కాలుస్తుంది. ఫొటోలో మాత్రం అది పడదు.

టీ-షర్టుల విషయమూ చెప్పుకోదగినదే. పొట్ట మీద ‘నడవండి, తొక్కండి’ అని రాసి ఉన్నా, ఆ ఉపదేశం వేసుకున్నవారికి కాక ఎదురుగా నిలబడి చూసేవారికి ఉద్దేశించినట్లు కనిపిస్తుంది. ఆ చూసేవారు ఆ పాటికే నడుస్తూనో తొక్కుతూనో వచ్చి, తాళ్లు కట్టినందువల్ల ఆగిపోయినవారు. సైకిలు గుర్తుతో 1983లోనూ 2024లోనూ గెలిచిన పార్టీ ఏలుతున్న ఆంధ్రప్రదేశ్‌లో సైకిలుకు ఇంకా ప్రచారం కావలసిరావడం వేరే ముచ్చట.

ఎవరిని ప్రోత్సహిస్తున్నారు? కొల్లేటి గట్ల మీద సైకిలు వెనక చేపల డబ్బా కట్టుకుని, మంచునీళ్లు కారుతుండగా ఊరూరా తిరిగేవాడికి ఏ ప్రోత్సాహమూ అక్కరలేదు. చెరువులకు తవుడు బస్తాలు మోసుకెళ్లే కూలీకీ, ఆదివారమే సందడెక్కే తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో బస్తాలెత్తే ముఠా కార్మికునికీ నడక వ్యాయామం కాదు, బతుకు. తమ్మిలేరు రెండుగా చీల్చిన ఏలూరులో వంతెన దాటే పాదచారి లారీకీ మోటారుసైకిలుకూ మధ్య ఒదిగి నడుస్తాడు. ‘బడికొస్తా’ పేరిట 2017లో హైస్కూలు బాలికలకు సైకిళ్లిచ్చిన ప్రభుత్వానికి ఆ పిల్లలు ఏ దారిన తొక్కాలన్న ప్రశ్న తట్టలేదు. ఇది అలసత్వం కాదు, లెక్కలేనితనం. కారు లేనివాడు మనిషే కాదన్న నమ్మకం.

ఆ నమ్మకమే చట్టంలోకీ ఎక్కింది. కనీస పార్కింగ్ నిబంధన, అంటే భవనం కట్టేవాడు ఇంత జాగా బండ్లకు విడిచితీరాలన్న షరతు, 2017 నాటి ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నియమాల్లో మొత్తం నిర్మిత విస్తీర్ణంలో ఇంత శాతం అన్న లెక్కలో ఉంది. ఒక కారు నిలవడానికి సుమారు రెండున్నర మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల పొడవు కావాలి; అందులో పది సైకిళ్లు ఇముడుతాయి. ఆ జాగా ఖర్చు దుకాణం అద్దెలోకీ, అద్దె సరుకు ధరలోకీ చేరుతుంది గనుక, కారువాడి ఉచిత పార్కింగుకు నడిచివచ్చి కందిపప్పు కొన్నవాడు కూడా వాటా కడతాడు. అమెరికా ఆచార్యుడు డొనాల్డ్ షూప్ 2005 నాటి గ్రంథంలో సవిస్తరంగా వాదించినది ఇదే. ఇక్కడ మరో మెట్టు పైకెక్కాము: ప్లానులో పార్కింగుగా చూపిన సెల్లారు, అంటే నేల కింది అంతస్తు, కట్టాక మందుల దుకాణమో గోదామో అవుతుంది, కార్లు రోడ్డుకెక్కుతాయి, ఖర్చు మాత్రం తగ్గదు. భూగర్భజలం చేతికందే డెల్టా నేలలో సెల్లారు తవ్వి వానాకాలమంతా మోటారుతో తోడుకోవడం ఆ ముచ్చటకు కొసరు.

అమెరికాలోని బఫలో నగరం 2017లో కనీస పార్కింగ్ నిబంధనను ఎత్తివేసింది. అదే ఏడాది మెక్సికో సిటీ దానిని తలకిందులు చేసి, ఇంతకు మించి పార్కింగ్ కట్టరాదంది. అయితే షరతు ఒక్కటీ తీసేసి ఊరుకుంటే లాభపడేది బిల్డరే. రోడ్డు మీద నిలిపే కారుకు రుసుము, నడకదారి మీద నిలిపిన దానికి జరిమానా వెంటే రావాలి. వాహనాలను కాదు, మనుషులను కదిలించాలని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం ఏనాడో చెప్పింది. నడకదారి జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఏలూరులో దీనికి అధ్యయన యాత్రలూ కన్సల్టెంట్లూ అక్కరలేదు; సున్నంతో ఒక గీత గీసి, దాని మీదికెక్కిన కారు ఎవరిదైనా చలానా రాయగల చెయ్యి ఉంటే పని మొదలవుతుంది.