ఎనిమిది వందల మరాంట్జ్

మరాంట్జ్ కంపెనీ పాత స్టీరియో రిసీవరు ఎనిమిది వందల రూపాయలకే దొరికిందని ఎవరైనా చెబితే అనుమానించకండి. అతను నిజమే చెబుతున్నాడు. ఫుట్‌పాత్ మీద ప్లాస్టిక్ పట్టా, పట్టా మీద దుమ్ము కొట్టుకుపోయిన డబ్బా. వెయ్యి చెబితే ఎనిమిది వందలకు తెగింది. ఇంతవరకూ లెక్కలో తప్పేమీ లేదు. ఆ లెక్కను సరిగ్గా అక్కడే ఆపేయడంలో ఉంది అసలు విద్య.

ఈ విద్య నేర్చినవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. 2020లో అమెరికాలో ఎల్పీల మీద వచ్చిన సొమ్ము సీడీల సొమ్మును దాటింది. 1986 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. అక్కడ దాటాక ఇక్కడ మనవాళ్లు ఊరుకుంటారా? అటక మీది రికార్డు ప్లేయరును పాతసామాన్లవాడికి తూకానికి వేసిన నాన్నగారి కొడుకులే ఇప్పుడు అదే ప్లేయరు కోసం పాతసామాన్ల బజార్లు గాలిస్తున్నారు. హైదరాబాదులో అయితే ఆదివారం ఎర్రగడ్డ, గురువారం జుమ్మేరాత్ బజార్, మిగతా రోజుల్లో వీలు చిక్కితే కోఠీలో గుజరాతీ గల్లీ. ఇంత నిష్ఠగా గుళ్లు తిరిగి ఉంటే ఈపాటికి మోక్షమైనా వచ్చేది.

ప్రతి మతానికీ ఉన్నట్టే ఈ మతానికీ కొన్ని నమ్మకాలున్నాయి.

మొదటి నమ్మకం: బరువుంటే మంచిది. మన బేరగాడు ఆంప్లిఫయరును చూడడు, వినడు, ఎత్తుతాడు. నడుం పట్టేస్తే సంతోషిస్తాడు. ఇందులో కొంత నిజముంది, కాదనకూడదు. 1978లో వచ్చిన పయొనీర్ ఎస్ఎక్స్-1980 రిసీవరు ఛానెల్‌కు 270 వాట్లు ఇచ్చేది, 35 కిలోలు తూగేది. వాట్లు ఎలా కొలవాలో, ఎలా ప్రకటించాలో 1974లోనే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం పెట్టింది. దాంతో కంపెనీలు అంకె వేసుకోవాలంటే ఆ మేరకు ట్రాన్స్‌ఫార్మరూ వేయాల్సి వచ్చింది. ఆ ఇనుమూ రాగీ కలిసి ఆ బరువు.

కానీ ఎర్రగడ్డ పట్టా మీదికి వచ్చేది ఎక్కువగా ఆ జాతి కాదు. తొంభైలలో మన ఇళ్లలో టీవీ పక్కన రంగురంగుల లైట్లతో వెలిగిన మ్యూజిక్ సిస్టం. దాని నుదుటి మీద వెయ్యి వాట్లు పీఎంపీఓ అని రాసి ఉంటుంది. పీఎంపీఓ అనే కొలతకు ఎవరూ ఒప్పుకున్న ప్రమాణం లేదు. కంపెనీవాడికి ఆ పూట ఎంత తోస్తే అంత. బేరగాడు ఆ అంకె చూసి కళ్లు తిప్పుకోలేడు. డబ్బాను ఒక్కసారి వెనక్కి తిప్పితే చాలు, కరెంటు తీగ పక్కన చిన్న అక్షరాల్లో అసలు సంగతి ఉంటుంది: విద్యుత్ వినియోగం నలభై వాట్లు. తినేది నలభై, కక్కేది వెయ్యి! ఈ ఒక్క డబ్బా చాలు, రాష్ట్రంలో కరెంటు కొరత తీరిపోతుంది. విద్యుత్ శాఖవాళ్లు ఆదివారాలు ఎర్రగడ్డ వైపు ఎందుకు రారో అర్థం కాదు.

రెండో నమ్మకం: మేడ్ ఇన్ జపాన్ అయితే కళ్లు మూసుకుని కొనొచ్చు. కొనొచ్చు గానీ కళ్లు మూసుకుని ప్లగ్గులో పెట్టకూడదు. జపాన్ ఇళ్లలో కరెంటు నూరు వోల్టులు, మన ఇళ్లలో రెండొందల ముప్ఫై. అక్కడి ఇళ్ల కోసమే తయారైన సెట్టును ఇక్కడి గోడకు తగిలిస్తే అది పాడదు, పొగ వదులుతుంది. నలభై ఏళ్లు జపాన్ దుమ్మునూ సముద్రం మీది తేమనూ తట్టుకుని వచ్చిన యంత్రం మన హాల్లో అర నిమిషంలో కన్నుమూస్తుంది. బేరగాడు మాత్రం చలించడు. ‘ఫ్యూజే పోయినట్టుంది’ అంటాడు.

అమెరికాలో ఉన్న మనవాళ్లది ఇంకో తీరు. శనివారం పొద్దున గుడ్‌విల్ స్టోరు. 1902లో బోస్టన్‌లో ఎడ్గర్ హెల్మ్స్ అనే పాస్టరు మొదలుపెట్టిన సంస్థ అది. ఉన్నవాళ్లు వద్దనుకున్న వస్తువులు సేకరించడం, పనిలేని పేదలతో వాటిని బాగుచేయించి అమ్మడం ఆయన ఆలోచన. ఆ పేదల అల్మారాల మధ్య ఇప్పుడు మన సాఫ్ట్‌వేర్ ఇంజినీరు ఈ వారం ఏ రంగు ట్యాగుకు తగ్గింపో చూసుకుంటూ టర్న్‌టేబుల్ కోసం వంగి వెతుకుతుంటాడు. దొరికింది. దాన్ని చీరల మడతల మధ్య సర్ది, ఊళ్లో నాన్నగారికని సూట్‌కేసులో తెస్తాడు. తెలివైనవాడు కాబట్టి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా కొంటాడు. వోల్టేజీ దిగింది. ఫ్రీక్వెన్సీ మాత్రం దిగిరాలేదు. అమెరికా కరెంటు అరవై హెర్ట్జ్, మనది యాభై. ఏసీ సింక్రనస్ మోటారున్న పాత ప్లేయరు ఆ యాభైని బట్టే తిరుగుతుంది. నిమిషానికి ముప్ఫైమూడుంబాతిక చుట్లు తిరగాల్సిన పళ్లెం ఇరవై ఎనిమిది కూడా తిరగదు.

ఇక నాన్నగారు ఘంటసాల భగవద్గీత ఎల్పీ పెడతారు. ఘంటసాల మూడు స్వరస్థానాలు కిందికి దిగి, అడుగడుక్కీ ఆలోచించుకుంటూ పాడతారు. నలభై నిమిషాల్లో వినాల్సినంత వినడానికి నలభై ఎనిమిది నిమిషాలు పడుతుంది. అర్జునుడి విషాదం మరీ ఎక్కువైపోయి, కృష్ణుడికే నిద్ర వస్తున్నట్టుంటుంది. కొడుకు మాత్రం కళ్లు మూసుకుని, తల ఆడిస్తూ, ‘చూశావా నాన్నా, అనలాగ్ అంటే ఈ గాంభీర్యం. డిజిటల్‌లో రాదు’ అంటాడు. అవును, డిజిటల్‌లో రాదు. రావాలంటే అదీ చెడిపోవాలి.

వీళ్లకు మేనత్త కొడుకులు ఇత్తడి బాకా కొనేవాళ్లు. ఎనిమిది పలకల చెక్కపెట్టె, దాని మీద మెరిసే ఇత్తడి బాకా, ముందు కుక్కబొమ్మ బిళ్ల. ‘నిజాం కాలంనాటిది సార్’ అంటాడు అమ్మేవాడు. పాత పోర్టబుల్ గ్రామఫోన్ల మోటార్లు పీకి, కొత్త పెట్టెల్లో బిగించి, కొత్త బాకాలు తగిలించి పురాతన వస్తువులని అమ్మే వ్యాపారం మన దేశంలో ఎన్నాళ్లుగానో ఉంది. విదేశాల్లో గ్రామఫోన్లు సేకరించేవాళ్లు ఈ సరుకును చూడగానే గుర్తుపట్టి నవ్వుకుంటారు. మనం డ్రాయింగ్ రూములో పెట్టుకుని వచ్చినవాళ్లందరికీ చూపిస్తాం. కొందరు అక్కడితో ఆగరు. 78 ఆర్పీఎం లక్కపళ్లాల కోసం చేసిన ఉక్కుసూది కింద ఎల్పీ పెట్టి ‘చెవికి ఇంపుగా లేదేమిటి’ అంటారు. సూది గాడులను దున్నుకుంటూ పోతుంది. పాట ఆ ఒక్కసారికే.

మూడో నమ్మకం అన్నిటికంటే ముఖ్యమైనది: అమ్మేవాడికి దాని విలువ తెలీదు. ఈ మతానికి మూలస్తంభం ఇదే. దీని కోసం బేరగాడు ఎంత నటిస్తాడో దగ్గర నిలబడి చూడాలి. కారు రెండు వీధుల అవతల ఆపుతాడు. వెలిసిపోయిన చొక్కా వేసుకుంటాడు. ఆంప్లిఫయరును దూరం నుంచే చూసినా దాని వైపు వెళ్లడు. ముందు కుక్కరు మూత ఎంతని అడుగుతాడు. తర్వాత ఇస్త్రీపెట్టె తిప్పిచూస్తాడు. చివరికి కాలితో సుతారంగా తట్టి, ‘ఈ డబ్బా ఏంది?’ అంటాడు.

‘ఆంప్లీఫైర్ సార్.’

‘నడుస్తదా?’

‘మస్తు నడుస్తది.’

‘పెట్టి చూపియ్యి మరి.’

‘ఫుట్‌పాత్ మీద కరెంటేడికెళ్లి తేవాలె సార్?’

సంభాషణ ముగిసింది. బేరగాడు వాల్యూమ్ నాబును బొటనవేలితో ఒకసారి అటూ ఇటూ తిప్పుతాడు. ఫోనొచ్చినట్టు పక్కకు వెళ్లి ఈబేలో ధర చూసుకుంటాడు. పాతికవేలు! గుండె దడదడలాడుతుంటే మొహం మాడ్చుకుని తిరిగొచ్చి, ‘చెత్త డబ్బా, ఎనిమిది వందలిస్తా’ అంటాడు.

ఇక్కడ ఒక చిన్న విషయం మరిచిపోయాడు. ఫోను అమ్మేవాడి చేతిలోనూ ఉంది. డబ్బా బండి దిగిన రోజే ఫొటో వాట్సాప్‌లో వెళ్లింది. తెలిసిన డీలరు వచ్చి, మూత విప్పి, లోపలికి ఓసారి చూసి, మూత మూసి వెళ్లిపోయాడు. అంతకుముందు ఇల్లు ఖాళీ చేయించినవాడు చూశాడు, వాడి బావమరిది చూశాడు. పనికొచ్చేది పోవాల్సిన చోటికి ఎప్పుడో పోయింది. గుడ్‌విల్ సంగతీ అంతే. 1999 నుంచి దానికి సొంత ఆన్‌లైన్ వేలం ఉంది. నాలుగు డబ్బులు పలికే సరుకు అల్మారాకు రాకుండానే అటు వెళ్లే వీలుంది. అంటే బేరగాడి దాకా వచ్చేది చాలావరకు తెలిసినవాళ్లందరూ చూసి వదిలేసిన సరుకే. ఆ వరసలో విలువ తెలియనివాడు ఒక్కడే ఉన్నాడు. వెలిసిపోయిన చొక్కాలో ఉన్నాడు.

సరే, ఎక్కడో ఒకచోట నిజంగానే తెలియనివాడు దొరికాడనుకుందాం. అప్పుడు గొప్ప ఏమిటట? మండే ఎండలో పట్టా పరుచుకుని కూర్చున్నవాడి దగ్గర పాతికవేల వస్తువును ఎనిమిది వందలకు లాక్కొచ్చానని పదిమందిలో చెప్పుకోవడం. ఇదే పని షేర్ల దళారి మనకు చేస్తే పోలీసు స్టేషనుకు వెళతాం. మనం చేస్తే దానికి అభిరుచి అని పేరు.

నాలుగో నమ్మకం: చిన్న రిపేరే. ఇంటికొచ్చాక మూత తీస్తారు. రబ్బరు బెల్టు కరిగి తారై పుల్లీకి అంటుకుని ఉంటుంది. స్పీకరు కోను చుట్టూ ఉండే ఫోమ్ వేలు తగలగానే పొడిపొడిగా రాలుతుంది. దాని ఆయుష్షే అంత, ఇరవై ఏళ్లకు అటూ ఇటూ. కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి, అందుకే ఆన్ చేయగానే గుయ్ అని ఒకటే మోత. శ్రుతిపెట్టె అక్కర్లేదు, ఇంట్లో ఎవరైనా కచేరీ చేసుకోవచ్చు. ఔట్‌పుట్ దశలో స్పీకర్లను నడిపే ఎస్టీకే అనే చిప్ మాడ్యూల్ ఉంటే ఇక దాని తీరే వేరు. పాత నంబర్ల అసలు మాడ్యూళ్ల తయారీ ఎప్పుడో ఆగిపోయింది. బజార్లో అదే నంబరు ముద్రించుకున్న నకిలీలు కావలసినన్ని. ఒకటి బిగిస్తే రెండు పాటలు పాడి మాడిపోతుంది. రెండోది కొంచెం నయం, మూడు పాడుతుంది.

అప్పుడు బేరగాడు మెకానిక్ దగ్గరికి వెళతాడు. కోఠీలోనో మీ ఊరి బస్టాండు వెనకో, మెట్ల కింద బల్లంత కొట్టు. చేతిలో సోల్డరింగ్ ఐరన్, కంటికి అద్దం, గోడ మీద చెక్కపెట్టె రేడియోలు. డెబ్భైలలో వాల్వులు మార్చినవాడి దగ్గర పని నేర్చుకుని, ట్రాన్సిస్టర్లు, ఐసీలు, సర్ఫేస్ మౌంట్లు అన్నీ చూసినవాడు. సర్క్యూట్ కాగితం లేకుండా వోల్టేజీలు కొలుచుకుంటూ పోయి తప్పు ఎక్కడుందో పట్టుకుంటాడు. మూడు రోజులు కూర్చుని, పాతికకు పైగా కెపాసిటర్లు మార్చి, మోత ఆపి, ఎడమవైపు మూగబోయిన ఛానెల్‌ను పాడించి, పన్నెండు వందలు అడుగుతాడు.

‘డబ్బానే ఎనిమిది వందలకు కొన్నాను భాయ్, రిపేరుకు పన్నెండు వందలా?’ అని మన బేరగాడు గుండెలు బాదుకుంటాడు. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు అంటారే, ఇక్కడ చచ్చిన ఏనుగును కొని, ప్రాణం పోసినవాడితో బేరం. ఆరు వందలకు లాగి, ఇంటికొచ్చి ఎనిమిది వందల కథ మొదలుపెడతాడు. ఆ కథలో మెకానిక్ ఉండడు. ఫోమ్ ఉండదు, ఎస్టీకే ఉండదు, రెండోసారి మూడోసారి పెట్టుకున్న ఆటో ఛార్జీలూ ఉండవు. మంచం కింద, బీరువా మీద, పూజగదిలో దేవుడి పటం వెనక పేరుకుపోయిన మిగతా డబ్బాలూ ఉండవు. వాటిని ప్రతి పండక్కీ జరిపి తుడిచి మళ్లీ పెట్టే ఇల్లాలి నడుం అసలే ఉండదు.

‘పోనీండి, సంగీతం మీద ప్రేమ’ అంటారా? అతని ఇంటికి ఓ సాయంత్రం వెళ్లిరండి. ఎస్పీబీ పాట పెడతాడు. పల్లవి పూర్తి కాకముందే ఆపి ‘బాస్ విన్నారా?’ అంటాడు. ఇంకోటి పెడతాడు. సుశీల గొంతు ఎత్తుకోగానే ఆపి ‘ఆ ట్రెబుల్ చూశారా, వేరే ఆంప్‌లో రాదు’ అంటాడు. కేబుల్ మారుస్తాడు, స్పీకరు బెత్తెడు జరుపుతాడు, మళ్లీ మొదటి పాట. రెండు గంటల్లో అతని హాల్లో ఒక్క చరణం పూర్తికాదు. పక్కింట్లో అంట్లు తోముతూ చిన్న ఎఫ్ఎం రేడియో పెట్టుకున్న ఆవిడ ఆ సమయంలో పది పాటలు చివరిదాకా విన్నది, రెండు పాడుకున్నది కూడా. ఆమె రేడియో వాట్లు ఎన్నో ఆమెకు తెలీదు.

పాత యంత్రాలను బతికించుకోవడం మంచి పనే. చెత్తకుప్పకు పోవాల్సినది మళ్లీ పాడితే సంతోషమే. కానీ దాన్ని బతికించేది వేటగాడి కన్ను కాదు, మెకానిక్ చెయ్యి. ఆ చేతికి సరైన కూలి ఇస్తే చవక బేరం అనే మాటే మిగలదు. ఇవ్వకపోతే మరో పదేళ్లకు ఆ మెట్ల కింద కొట్టే మిగలదు. తండ్రి కష్టం చూసిన కొడుకు ఇప్పటికే సెల్‌ఫోన్ కవర్ల దుకాణం పెట్టుకున్నాడు. అప్పుడు బేరగాళ్లందరూ తమ బరువైన డబ్బాలు ముందు పెట్టుకుని ఒకరి కథ ఒకరికి చెప్పుకోవచ్చు. కథలకు కరెంటు అక్కర్లేదు కదా.

అందుకని ఇకమీదట ఎవరైనా తన వేట గురించి ఎత్తుకుంటే ఎంతకు కొన్నారని అడక్కండి. అది చెప్పడానికే వచ్చాడు. మెకానిక్కు ఎంతిచ్చారని అడగండి. గొంతు సవరించుకుని మాట మార్చాడంటే, ఆ చవక ఎవరి జేబులోంచి వచ్చిందో అక్కడే తెలిసిపోతుంది.